గోపాలపురం బీచి టిఫిన్ హోటలు: అద్దె లుంగీకి మంచి మార్కులు, సర్వరు కుర్రాడికి కోత

ముందు తిండి సంగతి తేల్చేస్తాను. ఇడ్లీ మెత్తన. సాంబారు మన సాంబారు కాదు, కూరగాయలు వేసి వండే ఒడియావాళ్ళ పప్పు, డాల్మాకి దగ్గర చుట్టం. కొబ్బరి చట్నీ పొద్దున్న చిక్కగా ఉంటుంది, పదయ్యేసరికి నీళ్ళైపోతుంది. బరా (మన గారెలే), ఘుగుని (బఠాణీల కూర) మాత్రం వేడిగా దొరికితే వదలకండి. మధ్యాహ్నం చందువా వేపుడుంటే తినండి. చేపల పులుసులో చింతపండు మరీ ఎక్కువ పోస్తారు, నాకు పడలేదు.

ఇంత మాత్రం తిండి ఒడిశాలోని మా బరంపురంలో సందుకొకచోట దొరుకుతుంది. పదహారు కిలోమీటర్లు వెళ్ళి అక్కడే ఎందుకు కూర్చోవాలీ అంటే, నేను చూసినంతలో ఆ బీచిలో కుర్చీలు పొడిగా ఉండే హోటలు అదొక్కటే.

పేరు రాయను. కింద ఒక కుర్రాడి మీద కాస్త గట్టిగానే రాయబోతున్నాను, వాడి మూలాన హోటలమ్మకి చెడ్డపేరు రాకూడదు. బోర్డు మీద పేరు కూడా ఉప్పుగాలికి సగం ఊడిపోయింది లెండి, రాసినా మీకు దొరకదు.

నేను పెద్దబజారు వైపు జాకెట్లు కుట్టే మనిషిని. ఎవరైనా ఎదురుపడితే ముందు బట్ట చూస్తాను, తర్వాతే మొహం. అలవాటైపోయింది. అందుకే డిసెంబరు, జనవరి నెలల్లో గోపాలపురం వెళ్ళడమంటే నాకు కొంచెం కష్టమే. కలకత్తా బస్సులూ, పిక్నిక్ జట్లూ, పెద్ద పెద్ద బాక్సుల్లో పాటలూ. స్నానాలు చేసినవాళ్ళు చేసినట్టే, ఒంటిమీద నీళ్ళు కారుతుండగానే, గట్టెక్కి హోటళ్ళలోకి వచ్చేస్తారు.

పోయిన చలికాలం పక్కనే ఇంకో హోటల్లో కూర్చున్నాం. నా ఈడు మనిషే, మర్యాదస్తుడిలాగే ఉన్నాడు, ఒంటిమీద చెడ్డీ ఒక్కటే. అది కూడా ఉతికి ఉతికి నేత బయటపడిన బనీను గుడ్డ. అలాంటి బట్ట తడిస్తే ఉన్నా లేనట్టే. మా ఎదురుగా కౌంటరు దగ్గర నిలబడి, నడుం దగ్గర లాస్టిక్కులో దోపుకున్న ఫోను తీసి, టీకి స్కాన్ చేసి, ఆ ఫోను తీసుకెళ్ళి సోంపు గిన్నె పక్కన పెట్టాడు. మా వదిన ఇచ్ఛాపురం నుంచి వచ్చింది, గోడవైపు తిరిగిపోయింది. మా మేనకోడలు నవ్వాపుకోలేక నీళ్ళు పొలమారి దగ్గింది. హోటలువాడు ఏమీ అనలేదు. అంటే గిరాకీ పోతుందని భయం. ఆ మనిషి లేచి వెళ్ళాక కుర్చీలో నీళ్ళు, ఇసుక. వెనకాల వచ్చిన ముసలమ్మ చూసుకోకుండా అందులోనే కూర్చుంది, పాపం, పట్టుచీర.

ఇక మన హోటలు. గుమ్మం పక్కన గోడకి కొక్కేలు కొట్టి లుంగీలు వేలాడదీశారు, కింద బుట్టలో గాముచాలు, అంటే తుండుగుడ్డలు. పైన మూడు భాషల్లో బోర్డు. తెలుగులో 'తడి బటలతో కూర్చోరాదు' అని ఉంది, వత్తు ఎగిరిపోయింది, అర్థం మాత్రం అవుతుంది. వంద రూపాయలు డిపాజిట్టు, లుంగీ తిరిగిచ్చాక ఎనభై వెనక్కిస్తారు. గాముచాకి డబ్బు లేదు.

నాకు నచ్చింది ఆ ఇచ్చే పద్ధతి. ఒక రోజు కాలేజీ కుర్రాళ్ళు గుంపుగా, అందరూ చెడ్డీలమీదే, అరుచుకుంటూ వచ్చారు. హోటలమ్మ లేవలేదు, గొంతు పెంచలేదు. "భాయ్, ఎయి లుంగీటా పింధంతు" అని కొక్కెం మీంచి తీసి ఒక్కొక్కడి చేతిలో పెట్టింది, మెనూ కాగితం ఇచ్చినట్టే. వాళ్ళలో ఒకడు తెలుగోడు, "మేం బయటే నిలబడి తింటాం ఆంటీ" అన్నాడు. "నిలబడి తింటే అరగదు బావూ, కట్టుకుని కూకో" అంది. కట్టుకున్నాడు. ఎవరి మొహమూ చిన్నబోలేదు. గుమ్మం దగ్గర నలుగురిలో నిలబెట్టి బట్ట గురించి మాట్లాడ్డం ఎంత చెడ్డ పనో నాకు తెలుసు. కొలతలు తీసుకునేటప్పుడు అంకె గట్టిగా పలికితే చాలు, కొందరు ఆడవాళ్ళు మళ్ళీ దుకాణం గడప తొక్కరు.

లుంగీ గురించి కూడా చెప్పాలి కదా, నా పని అదే. ముట్టుకుని చూశాను. పాలియెస్టరు కలిపిన గుడ్డ, నూలు తక్కువ. ఇంట్లో కట్టుకోవడానికైతే నేను కొనను, కానీ అక్కడికి అదే సరి. నూలుది ఆ గాలిలో ఆరడానికి పూటంతా పడుతుంది, ఇది గంటలో ఆరిపోతుంది. లుంగీ కట్టడం రానివాళ్ళే ఎక్కువ వస్తారు కనక రెండంచులూ కలిపి గొట్టంలా కుట్టించారు. మొదట్లో నడుముకి ఎలాస్టిక్ వేయించారు. ఉప్పునీళ్ళకి అది సాగిపోయి, మనిషి లేచి నిలబడితే లుంగీ కుర్చీలోనే ఉండిపోయేది. బొందు ఎక్కించమన్నాను, ఎక్కించారు. కింద అంచు మడత తిరగేసి చూస్తే లోపల ఇసుక. ఉతుకుతున్నారు, బ్లీచింగు వాసన వస్తోంది, కాని మడతలోంచి ఇసుక దులపట్లేదు. ఒంటిమడత కుట్టి ఓవర్‌లాక్ చేయిస్తే ఈ బాధ ఉండదు. అది కూడా చెప్పి వచ్చాను.

హోటలమ్మ వాడబలిజల ఇంటి కోడలు. గోపాలపురంలో వేటకెళ్ళేవాళ్ళు చాలామంది తెలుగు మాట్లాడే మనవాళ్ళే, ఒడియావాళ్ళు నోలియాలంటారు. ఆమె మామగారు వల మోసుకుని పైకొస్తే ఒంటిమీద గోచీ తప్ప ఏమీ ఉండదు. మెట్టు మీద కూర్చుని గ్లాసులో టీ తాగి వెళ్ళిపోతాడు. ఒకాయనకి, అప్పుడే లుంగీకి డబ్బు కట్టిన మనిషికి, ఇది చూసి మండింది. "ఆయనకివ్వరా లుంగీ?" అని అడిగాడు. హోటలమ్మ తల ఎత్తకుండానే, "ఆయన కుర్చీలో కూకోడు బావూ. కూకున్నరోజు ఇస్తాను" అంది.

ఈ మాట నాకు చాలా నచ్చింది. ఏ చోటికి ఏ బట్ట అన్నదే అసలు లెక్క. మా ఊళ్ళో రెండేళ్ళకోసారి చైత్రంలో ఠాకురాణీ యాత్ర జరుగుతుంది. మొక్కుకున్నవాళ్ళు ఒంటినిండా పసుపు, నలుపు చారలు పూసుకుని పులి వేషం కడతారు, పైన బట్ట ఉండదు. వాళ్ళు వీధిలో వస్తుంటే మేం హారతిచ్చి దణ్ణం పెడతాం. మళ్ళీ చీరతో సముద్రంలో దిగే ఆడవాళ్ళని చూస్తే నాకే భయం వేస్తుంది. గోపాలపురంలో లోపలికి లాగే నీళ్ళు, కెరటం వెనక్కి వెళ్ళేటప్పుడు తడిసిన చీర కాళ్ళకి చుట్టుకుందంటే మనిషి లేవలేదు. అక్కడ పొట్టి బట్టే బుద్ధిగల బట్ట. నీళ్ళలో ఎవరేం వేసుకున్నా నాకు పేచీ లేదు. నా పేచీ ఇడ్లీ పళ్ళెం దగ్గరికి వచ్చాకే.

నా దగ్గర కుట్టించుకునే ఒక లాయరమ్మని అడిగాను, ఇలా తిరిగితే కేసు ఉండదా అని. పాత శిక్షాస్మృతిలో 294వ సెక్షను, ఇప్పుడు న్యాయ సంహితలో 296 అంది. బహిరంగ స్థలంలో నలుగురికి ఇబ్బంది కలిగేలా అశ్లీలమైన పని చేస్తే మూడు నెలల దాకా జైలు, లేదంటే వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూనట. కాని తడి చెడ్డీతో టీ తాగడం అశ్లీలమని కోర్టులో నిలబెట్టడం ఎవరివల్లా కాదు అని నవ్వింది. పోలీసుల కంటే కొక్కేనికి లుంగీ నయం అంది.

గుడి సంగతి వేరు. పూరీ శ్రీమందిరంలో 2024 జనవరి 1 నుంచి నిక్కర్లు, చిరిగిన జీన్సులు, చేతుల్లేని బట్టలు రానివ్వడం లేదు. అది దేవుడి ఇల్లు, మడి ఉంటుంది, ఒప్పుకుంటాను. హోటళ్ళూ క్లబ్బులూ దర్వాజా దగ్గర బట్ట చూసే మనిషిని నిలబెడితే ఎక్కడికి పోతుందో మాత్రం తెలుసు. 2014లో మద్రాసులో ఒక క్రికెట్ క్లబ్బువాళ్ళు పంచెతో వచ్చిన హైకోర్టు న్యాయమూర్తినే ఆపేశారు. ఆ ఏడే తమిళనాడు అసెంబ్లీ, పంచె కట్టుకున్నవాళ్ళని క్లబ్బులు ఆపకూడదని చట్టం చేసింది. పదేళ్ళు తిరిగేసరికి, 2024 జూలైలో, బెంగళూరులో ఒక మాల్‌వాళ్ళు పంచె కట్టిన ముసలి రైతుని సినిమాకి రానివ్వలేదు. ఇటు పక్క బరంపురం పట్టు పంచె జోడు కట్టుకుని పెళ్ళికొడుకులు ఊరేగే ఊరు మాది. ఆ జోడుకి, ఇది ఈ ఊరి సరుకే అని చెప్పే జీఐ గుర్తింపు కూడా ఉంది. అది కట్టుకుని ఆ మాల్‌కి వెళ్ళినా అదే మర్యాద జరిగేదేమో.

ఇంతకీ మార్కులు ఎందుకు కోశానంటే, ఇక్కడా ఆ జబ్బు మొదలైంది. మా మేనకోడలు చేతుల్లేని కుర్తీతో వచ్చింది. నేనే కుట్టాను, చంక దగ్గర పట్టుగా, మెడ వెనకాల బొత్తాంతో, ఎవరూ వేలెత్తి చూపలేని కుట్టు. బస్సు దిగి నేరుగా లోపలికొచ్చాం, సముద్రం మొహం కూడా ఇంకా చూడలేదు. సర్వరు కుర్రాడు నీళ్ళ గ్లాసులతోపాటు గాముచా తెచ్చి దాని ముందు పెట్టి, "సిస్టర్, భుజాలమీద కప్పుకోండి, రూలు" అన్నాడు.

అది నా మొహం చూసింది. నేను పక్క టేబులు చూశాను. అక్కడ ఇద్దరు మగవాళ్ళు, చంకలదాకా తెరిచిన చేతుల్లేని బనీన్లు, నిక్కర్లు, పూరీ తింటున్నారు. "వాళ్ళకిచ్చావా బాబూ?" అన్నాను.

"వాళ్ళు జెంట్స్ కదా ఆంటీ."

"బోర్డు మీద జెంట్స్ అనుందా, లేడీస్ అనుందా? తడి అనుంది. దీని బట్ట పట్టుకుని చూడు, తడిగా ఉందేమో." నిజంగా పట్టుకుంటాడేమోనని మా వదిన కుర్చీ వెనక్కి జరిపింది.

హోటలమ్మ కౌంటరు దగ్గర్నుంచే విన్నట్టుంది. "ఒరే, ఎండిన బట్ట జోలికెల్లకు" అంది, అంతే. మాకు ఒక ప్లేటు బరా ఊరికే వచ్చింది. మా మేనకోడలు మటుకు గాముచా తీసి మడతపెట్టి వాడి చేతికే ఇచ్చి, "మీరు కప్పుకోండి అన్నా, చెమట పట్టింది" అంది. నేను కుట్టిన బట్ట కంటే ఆ మాటే దానికి బాగా నప్పింది.

అక్కడితో ఆగితే నాలుగున్నర నక్షత్రాలిచ్చేదాన్ని. మళ్ళీ వెళ్ళినప్పుడు అదే కుర్రాడు ఇంకో కొత్త పెళ్ళికూతురికి అదే పని చేశాడు. ఆమె పొడి చీరే కట్టుకుంది, జాకెట్టు వెనక మెడ కాస్త కిందకుంది, అంతే. ఆమె మాట్లాడకుండా కప్పుకుంది. ఆమె మొగుడు మాట్లాడకుండా దోసె తిన్నాడు. ఆ రోజు హోటలమ్మ లేదు. అంటే వాడికి అర్థం కాలేదు, లేదా అర్థమయ్యే చేస్తున్నాడు. వెనక మెడ ఎంత లోతు ఉండాలో అమ్మలకీ కూతుళ్ళకీ నా దుకాణంలోనే రోజూ గొడవ. చివరికి ఎవరు తొడుక్కుంటారో వాళ్ళు చెప్పిన కొలతకే కుడతాను. హోటలువాడికి ఆ టేపు ఎవరిచ్చారు?

హోటలమ్మ ఇది చదివితే ఒక మాట. బోర్డు మళ్ళీ రాయించండి. 'తడి బట్టలతో, చెడ్డీలతో కుర్చీలో కూర్చోరాదు, మగవారైనా ఆడవారైనా' అని స్పష్టంగా. 'బట్టలు'కి ఈసారి వత్తు పెట్టించండి. గాముచాలు బుట్టలోనే ఉండనివ్వండి, కావలసినవాళ్ళే తీసుకుంటారు. కుర్రాడిని టేబుళ్ళ మీంచి తప్పించి వెనకాల లుంగీల్లో ఇసుక దులిపే పనికి పెట్టండి, ఆ పనికి మనిషి ఎలాగూ కావాలి.

మొత్తమ్మీద అయిదుకి మూడున్నర. టిఫినుకి మూడు, కుర్చీలకి అయిదు, ఆ కుర్రాడికి ఒకటి కూడా దండగ.

వెళ్ళేవాళ్ళు వంద నోటు విడిగా ఉంచుకోండి, డిపాజిట్టు ఫోనులో తీసుకోరు. మిగిలిన ఎనభైకి చిల్లర లేదని చాక్లెట్లు ఇవ్వబోతారు, అడిగి పుచ్చుకోండి. ఆదివారం పొద్దున్న తొమ్మిది దాటితే లుంగీలు అయిపోతాయి, తడిసిన జనం గుమ్మం బయట వరసకట్టి ఉంటారు, వాళ్ళ మధ్యలోంచే లోపలికి వెళ్ళాలి. నడుం నలభై నాలుగు దాటినవాళ్ళు ఇంటినుంచే లుంగీ తెచ్చుకోవడం మంచిది. నేను చెప్పి ఎక్కించిన బొందు అంతదూరం రాదు.