బేసిక్ ఇన్‌స్టింక్ట్, షోగర్ల్స్: ఒకే చేతి వంటలో ఒకటి ఎందుకు మాడింది?

దర్శకుడు పాల్ వెర్హోవెన్, రచయిత జో ఎస్టెర్‌హాస్. 1992లో ఈ జంట నుంచి వచ్చిన ‘బేసిక్ ఇన్‌స్టింక్ట్’ దాదాపు 5 కోట్ల డాలర్ల ఖర్చుతో తయారై, ప్రపంచమంతటా 35 కోట్లు రాబట్టింది. మూడేళ్లకు అదే జంట ఇంచుమించు అంతే ఖర్చుతో చేసిన ‘షోగర్ల్స్’ అమెరికా థియేటర్లలో 2 కోట్ల దగ్గర చతికిలబడింది. శృంగారం హద్దు దాటితే ప్రేక్షకుడు పారిపోతాడన్న మాట నిజమైతే మొదటిదీ పోవాలి కదా!

చాలామంది రేటింగును తప్పుపడతారు. మొదటి సినిమా కొన్ని సెకన్ల కత్తిరింపులకు ఒప్పుకుని ‘ఆర్’ తెచ్చుకుంది. అంటే పెద్దలను వెంటబెట్టుకుని పిల్లలూ వెళ్లవచ్చు. రెండోది కోతలకు ఒప్పుకోకుండా ‘ఎన్‌సీ-17’తోనే విడుదలైంది. మన ‘ఎ’ సర్టిఫికెట్‌కు అది చుట్టమే, పెద్దలు వెంట ఉన్నా పిల్లలకు ప్రవేశం లేదు. మన దగ్గర పోస్టరు మీద ‘ఎ’ పడితే ఒకప్పుడు అదే ఉచిత ప్రచారం. అక్కడ మాత్రం ఆ ముద్ర ఉన్న సినిమాల ప్రకటనలు వేయడానికి చాలా పత్రికలు ఒప్పుకునేవి కావు. బ్లాక్‌బస్టర్ వీడియో దుకాణాలు ఆ క్యాసెట్లను అరల్లో పెట్టేవి కావు.

అయినా లెక్క రేటింగుతో తెగదు. ‘షోగర్ల్స్’ దాదాపు 1,400 థియేటర్లలో విడుదలై, మొదటి వారాంతంలోనే 80 లక్షల డాలర్లు తెచ్చింది. జనం వచ్చారు, చూశారు. బయటికి వచ్చి పక్కవాళ్లకు మాత్రం వెళ్లమని చెప్పలేదు. కుతూహలం కొనిపెట్టేది మొదటి వారం టికెట్టే.

రెండో వారానికి కథ కావాలి. ‘బేసిక్ ఇన్‌స్టింక్ట్’లో అది ఉంది. మంచుగడ్డలు పొడిచే సూదితో హత్య చేసింది షారన్ స్టోన్ పాత్రా, కాదా? డిటెక్టివ్ మైకేల్ డగ్లస్‌కు అనుమానమూ ఆమె మీదే, మోజూ ఆమె మీదే. పడకగదిలో ఎప్పుడు ఆమె చెయ్యి దిండు కిందికి వెళ్లినా మన గుండె ఆగుతుంది. అక్కడ నగ్నత్వం భయానికి తోడుగా వచ్చింది. స్వలింగ సంపర్కులను హంతకులుగా చూపారంటూ ఉద్యమకారులు శాన్‌ఫ్రాన్సిస్కో షూటింగు దగ్గర నిరసనకు దిగారు. హంతకురాలెవరో ముందే బయటపెట్టి కలెక్షన్లు దెబ్బతీయాలనీ చూశారు. సినిమా చలించలేదు, చివరి దృశ్యం దాకా అనుమానాన్ని బతికించుకుంది.

‘షోగర్ల్స్’లో నోమీ అనే అమ్మాయి లాస్ వేగస్‌కు వచ్చి, నగ్న నృత్యశాల నుంచి పెద్ద వేదిక దాకా ఎగబాకుతుంది. అరగంట గడిచేసరికి నగ్నత్వం ఆ ఊరి యూనిఫాం అయిపోతుంది. ఇక దాచడానికేముంది, ఎదురుచూడటానికేముంది?

పత్రికలు ఏకిపారేశాయి. చెత్త సినిమాలకిచ్చే రాజీ పురస్కారాలకు 13 నామినేషన్లు, అందులో 7 గెలుపులు. వెర్హోవెన్ స్వయంగా వెళ్లి అందుకున్నాడు, అది ఆయన గుండెనిబ్బరం. అసలు దెబ్బ తగిలింది మాత్రం కథానాయిక ఎలిజబెత్ బర్క్‌లీకి. పిల్లల టీవీ సీరియల్ నుంచి వచ్చిన యువతి ఆమె. ఆ అతి నటన తాను చేయించిందేనని దర్శకుడు తర్వాత ఒప్పుకున్నాడు. అప్పటికే ఆమె సినీ జీవితం కుంటుపడింది. ఇలాంటి సాహసమే చేసిన షారన్ స్టోన్‌ను తారను చేసిన పరిశ్రమే ఈమెను నవ్వులపాలు చేసింది.

ఈసడింపుకూ పరాజయానికీ ముడిపెట్టడం కూడా పొరపాటే. 2015 నాటి ‘ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే’కు రాజీ వచ్చింది, 56 కోట్ల డాలర్లకు పైగా వసూళ్లూ వచ్చాయి. 2006 నాటి ‘బేసిక్ ఇన్‌స్టింక్ట్ 2’కు మాత్రం తిట్లే మిగిలాయి. అప్పటికి ఇంటర్నెట్‌లో ఊరికే దొరికే దానికి టికెట్టు కొనేదెవరు?

మరి ఏది మేలు? ఒక్క సాయంత్రమే ఉంటే నిస్సందేహంగా ‘బేసిక్ ఇన్‌స్టింక్ట్’, ఉద్యమకారుల కోపం న్యాయమైనదేనని గుర్తుంచుకుంటూ. రెండోసారి చూడాలంటే నేను ‘షోగర్ల్స్’ వైపు మొగ్గుతాను. ఒళ్లు అమ్మకపు సరుకైన ఊరిని అంత మొరటుగా, అంత నిజంగా చూపిన సినిమాలు తక్కువ. వీడియోలో 10 కోట్ల డాలర్లు దాటిన దాని రెండో జీవితం ఉత్తినే రాలేదు. కాకపోతే చివర్లో నోమీ స్నేహితురాలిపై జరిగే అత్యాచారం, కేవలం నోమీకి పగ పుట్టించడానికి పెట్టినది. ఆ అతి నటన పుట్టించే నవ్వుల మధ్య దాన్ని చూడలేక ప్రతిసారీ ముందుకు జరిపేస్తాను.