బెర్నావర్ స్ట్రాసె గోడ స్మారకం: టికెట్ లేదు, కానీ మూడు గంటలు పెట్టుకుని వెళ్లండి

బెర్లిన్ వెళ్లినవాళ్లలో చాలామంది ఒకప్పుడు తూర్పు, పశ్చిమ బెర్లిన్‌లను విడదీసిన గోడ చూద్దామని చెక్‌పాయింట్ చార్లీకో, రంగుల బొమ్మలున్న ఈస్ట్ సైడ్ గ్యాలరీకో పోతారు. ఫొటోలకు అవి చాలు. తూర్పు జర్మనీలో బతికిన మనిషి ఆ గోడ దాటాలంటే ఏమేం దాటాలి, ఎక్కడ ఆగిపోయేవాడు, ఎందుకు పట్టుబడేవాడు అన్నది అర్థం కావాలంటే మాత్రం బెర్నావర్ స్ట్రాసెకే రావాలి. వీధి వెంట 1.4 కిలోమీటర్ల పొడవున్న ఆరుబయటి స్మారకం ఇది. ప్రవేశం ఉచితం. సందర్శకుల కేంద్రానికి, ప్రదర్శనశాలకు సోమవారం సెలవు కాబట్టి ఆ రోజు పెట్టుకోకండి. పై నుంచి చూసే గోపురం ప్రదర్శనశాలలోనే ఉంది, అది ఎక్కకపోతే సగం చూడనట్టే.

మెట్రో యూ8 లైన్లో బెర్నావర్ స్ట్రాసె స్టేషన్ ఉంది కదా అని అక్కడ దిగితే వరుస తలకిందులవుతుంది. ఎస్-బాన్ రైల్లో నోర్డ్‌బాన్‌హోఫ్‌లో దిగండి. పైకి వచ్చే ముందు స్టేషన్‌లోనే ‘దెయ్యాల స్టేషన్ల’ మీద ఒక చిన్న ప్రదర్శన ఉంటుంది. 1961 ఆగస్టు 13న గోడ మొదలైన రోజే ఈ స్టేషన్ మూతపడి, 1990 సెప్టెంబరులో మళ్లీ తెరుచుకుంది. పశ్చిమ బెర్లిన్ రైళ్లు తూర్పు నేల కింద నుంచే వెళ్లేవి, ఆగేవి మాత్రం కావు. మసక వెలుతురు ప్లాట్‌ఫాంల మీద సాయుధ కాపలా. పావుగంట చాలు, కానీ వదిలేయకండి.

బయటికొచ్చి నేరుగా గోపురం ఎక్కండి. కింద కనిపించేది అప్పటి కొలతలతోనే ఉంచిన సరిహద్దు పట్టీ ముక్క. తూర్పు వైపు నుంచి లెక్కపెట్టుకుంటూ రండి: లోపలి గోడ, తాకితే గంట మోగే తీగల కంచె, దీపాల వరుస, గస్తీ దారి, అడుగుజాడ పడితే దొరికిపోయేలా చదును చేసిన ఇసుక, చివరన అసలు గోడ. ఆ ఆఖరి గోడ 1970ల నమూనాలో ఒక్కో పలక ఎత్తు 3.6 మీటర్లు, వెడల్పు 1.2 మీటర్లు. పైన చేతికి పట్టు దొరక్కుండా గుండ్రటి గొట్టం. గోడ అనగానే ఒక్క గోడే అనుకునేవాళ్లకు ఈ గోపురం మీదే విషయం తెలుస్తుంది. బయటి గోడ దాకా వచ్చిన మనిషి అప్పటికే నాలుగైదు చోట్ల దొరికిపోయే ప్రమాదం దాటుకుని వచ్చినవాడు. ఇంకో మాట, ఇక్కడ మందుపాతరలు ఉండేవని చాలామంది అనుకుంటారు. అవి రెండు జర్మనీల మధ్య సరిహద్దులో ఉండేవి, బెర్లిన్ గోడ దగ్గర లేవు. కింద కనిపించే కావలి గోపురం కూడా మొదటి నుంచీ అక్కడున్నది కాదు, వేరే చోటు నుంచి తెచ్చి నిలబెట్టారు.

గోడ పోయినచోట తుప్పు రంగు ఇనుప కడ్డీలు గోడంత ఎత్తున పాతారు. ఏటవాలుగా చూస్తే కడ్డీలన్నీ కలిసిపోయి గోడలా మూసుకుపోతాయి, ఎదురుగా నిలబడితే మధ్యలోంచి నడిచి వెళ్లిపోవచ్చు. స్మారకం మొత్తంలో ఇంతకన్నా మంచి ఆలోచన లేదు.

ఈ వీధి ప్రత్యేకత ఏంటంటే ఇళ్లు తూర్పువి, గుమ్మం ముందున్న కాలిబాట పశ్చిమానిది. గోడ కట్టిన మొదటి వారాల్లో కింది తలుపులూ కిటికీలూ ఇటుకలతో మూసేస్తుంటే, జనం పై అంతస్తుల నుంచి దూకారు. ఇడా సీక్‌మన్ అనే ఆమె 1961 ఆగస్టు 22న 48వ నంబరు ఇంటి కిటికీలోంచి పరుపులు కింద పడేసి, వాటి మీదికి దూకి చనిపోయింది. తెల్లారితే ఆమెకు 59వ పుట్టినరోజు. గోడ దగ్గర పోయిన మొదటి ప్రాణం ఆమెదే. గోడ దగ్గర చనిపోయినవాళ్లు కనీసం 140 మంది అని లెక్క. ‘జ్ఞాపకాల కిటికీ’ అనే ఇనుప చట్రంలో వాళ్ల ఫొటోలు చిన్న చిన్న గూళ్లలో ఉంటాయి. వాటిలో పసిపిల్లల ముఖాలూ ఉన్నాయి. గబగబా దాటిపోకుండా ఒక్కో పేరూ చదవండి.

నా దృష్టిలో అసలు విలువ, తూర్పువాళ్లను పశ్చిమానికి దాటించడానికి గోడ కింద తవ్విన సొరంగాల దగ్గరుంది. గడ్డిలో పలకలు పేర్చి వాటి దారులు గుర్తు పెట్టారు. బెర్లిన్ నేలలో చాలాచోట్ల కొద్దిగా తవ్వితే నీళ్లు వస్తాయి. ఈ వీధి కాస్త ఎత్తు మీద ఉంది, నీటిమట్టం లోతుగా ఉంటుంది. అందుకే ఇన్ని సొరంగాలు ఇక్కడే తవ్వారు. అయినా నీళ్ల బెడద తప్పలేదు. 1962లో తవ్విన ‘సొరంగం 29’లోకి పగిలిన గొట్టం నుంచి నీళ్లు చేరి పని ఆగిపోయింది. తర్వాత ముందనుకున్న చోటు కాకుండా దగ్గర్లోనే షోన్‌హోల్ట్సర్ స్ట్రాసెలో ఒక ఇంటి నేలమాళిగలో పైకి తేలి, సెప్టెంబరు 14, 15 తేదీల్లో 29 మందిని దాటించారు. తూర్పున ఎదురుచూస్తున్నవాళ్లకు కబురు అందించడం ఇంకో కష్టం. ఫోన్ చేసే వీల్లేదు. సరిహద్దు దాటగలిగే ఒక పశ్చిమ జర్మన్ యువతి ఫలానా బార్‌కెళ్లి అగ్గిపెట్టె కొనడం, అదే సంకేతం.

‘సొరంగం 57’ గుర్తుల మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. 145 మీటర్లు, రెండు నిమిషాల నడక. 1964లో పశ్చిమం వైపు మూతపడిన బేకరీ కింద మొదలుపెట్టి, దాదాపు 12 మీటర్ల లోతున, మోకాళ్ల మీద పాకే ఎత్తులో విద్యార్థులు ఆరు నెలలు తవ్వారు. తవ్విన మట్టి బయట పోస్తే గుట్టు రట్టవుతుంది కాబట్టి బేకరీ గదుల్లోనే నింపుకున్నారు. ష్ట్రెలిట్సర్ స్ట్రాసె 55లో పెరటి మరుగుదొడ్డి దగ్గర బయటపడ్డారు. అక్టోబరు 3, 4 రాత్రుల్లో 57 మంది దాటారు. రెండో రాత్రి సైనికులు రావడంతో కాల్పులు జరిగి ఎగోన్ షుల్ట్స్ అనే సైనికుడు చనిపోయాడు. తప్పించేవాళ్లే చంపారని తూర్పు ప్రభుత్వం ప్రచారం చేసింది. ప్రాణం తీసిన తూటా అతని సహచరుడి తుపాకీలోంచి వచ్చిందని గోడ పడ్డాక దస్తావేజుల్లో తేలింది. ఆ ఇంటి దగ్గరున్న ఫలకం చదవకుండా వెళ్లకండి.

సొరంగాలు ఎక్కువగా చెడింది ఇన్‌ఫార్మర్ల వల్ల. స్టాజీ (తూర్పు జర్మనీ రహస్య పోలీసు) మనిషి ఒక్కడు గుంపులో చేరితే చాలు, అవతలి చివర పోలీసులు కాచుకుని ఉండేవాళ్లు. పారిపోవాలని పథకం వేసుకోవడం కూడా నేరమే, జైలే.

లోపాలు కూడా చెప్పాలి. వీధిలో ఎం10 ట్రామ్ తిరుగుతూనే ఉంటుంది, బటన్ నొక్కితే వినిపించే సాక్షుల గొంతులు దాని మోతలో సగం వినబడవు. ఉదయం తెరవగానే వెళ్తే కొంత నయం. గడ్డి పెరిగితే సొరంగం పలకలు కనబడవు, సందర్శకుల కేంద్రంలో మ్యాప్ తీసుకోండి. ఫలకాలు జర్మన్, ఇంగ్లిష్‌లలో ఉంటాయి, రాత మాత్రం చాలా ఎక్కువ. అన్నీ చదవబోతే అలిసిపోతారు.

మంగళవారం నుంచి శుక్రవారం దాకా మధ్యాహ్నం 12కి స్మారకంలోనే ఉన్న సయోధ్య ప్రార్థనామందిరంలో చనిపోయినవారిలో ఒకరి జీవితం చదువుతారు. ‘చావుపట్టీ’ అని పిలిచే ఆ సరిహద్దు పట్టీ మధ్యలో చిక్కుకున్న పాత చర్చిని 1985 జనవరిలో పేల్చేశారు. దాని శిథిలాల ముక్కలు కలిపిన మట్టితో కట్టిందే ఈ అండాకారపు గది. గోడ దగ్గరగా చూడండి, ఇటుక పెంకులూ రాతి ముక్కలూ మట్టిలోంచి తొంగిచూస్తుంటాయి. చదివేది జర్మన్‌లో. భాష రాకపోయినా కూర్చోండి, పేరు, వయసు, తేదీ అందుతాయి.

పలకలు కాదు, అసలు సొరంగమే చూడాలంటే బెర్లినర్ ఉంటర్‌వెల్టెన్ సంఘం నడిపే గైడెడ్ టూర్ తీసుకోవాలి. 1971లో పట్టుబడిన సొరంగాన్ని చూడ్డానికి వాళ్లు ఈ దగ్గర్లోనే నేల కింద దారి తవ్వి 2019లో తెరిచారు. దానికి టికెట్ ఉంది. ఎండాకాలమైనా చలికోటు పట్టుకెళ్లండి.