సొంతంగా అచ్చేసుకోవడమా, ప్రచురణకర్తకు ఇవ్వడమా: ఏది మేలు?

పోయినేడాది నా కథల పుస్తకం వచ్చినప్పటి నుంచి పాలమూరు, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు రాసేవాళ్లు తరచూ అడుగుతున్నది ఒక్కటే. "అన్నా, నా దగ్గర కూడా ఓ పుస్తకానికి సరిపడా ఉంది. ఎవరికన్నా ఇద్దామా, మనమే వేసుకుంటే నయమా?" ఫోన్లో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పే బదులు అంతా ఒకచోట రాసిపెడుతున్నాను.

చాలామంది మొదట ఖర్చెంత అని అడుగుతారు. ఖర్చు చూసుకోవాల్సిందే. కాని నా లెక్కలో ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఎందుకు రాస్తున్నాం? రాసింది ఎవరి చేతిలో పడాలి? ఈ రెండూ తేలితే దారి దానంతటదే కనబడుతుంది.

నా మట్టుకు నేను వలసపోయిన వాళ్ల గురించి రాశాను. కూలీలను జట్లుగా తీసుకుపోయే గుంపు మేస్త్రీల దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయి, పుణె దిక్కు పోయి కాల్వలు తవ్వినవాళ్లు, కట్టలు పోసినవాళ్లు, 'పాలమూరు లేబర్' అని పిలిపించుకున్నవాళ్లు. వాళ్ల మీద రిపోర్టులు వచ్చాయి, వార్తలు వచ్చాయి. ఇంటికాడ ముసలవ్వ దగ్గర ఉండి చదువుకున్న పిల్లల సంగతి, పీర్ల పండుగకు ఊరికొచ్చి నాలుగు రోజులకే మళ్లీ మూట సర్దుకునే ఇంటి సంగతి ఆ రిపోర్టుల్లో ఉండదు. ఆ తరం ఒక్కొక్కరే పోతున్నారు. ఇప్పుడు రాయకపోతే ఆ సంగతులు ఇక ఉండవన్న బాధతో రాశాను. గుర్తింపు కోసం, అవార్డు కోసం రాయడాన్ని నేను తక్కువ చేయను. ఆ కోరిక సహజమైనదే. కాని దానికి సరిపోయే దారి వేరు.

పేరున్న ప్రచురణ సంస్థ సంగతి ముందు చూద్దాం. వాళ్ల దగ్గర అనుభవమున్న ఎడిటర్ ఉంటారు. మనకు కనబడని తప్పు వాళ్లకు కనబడుతుంది. పుస్తకం షాపుల్లోకి పోతుంది, డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో స్టాల్ మీద ఉంటుంది, సమీక్షలు రాసేవాళ్ల బల్ల మీదికి చేరుతుంది. నవల, చరిత్ర, అనువాదం లాంటివి రాసినవాళ్లు ముందు వాళ్లనే అడగమంటాను. కొత్తవాళ్ల కవిత్వం, కథలు అయితే మాత్రం పెట్టుబడి మొత్తం తామే పెట్టడానికి చాలామంది ముందుకు రారు. సగం ఖర్చు పెట్టుకోమనో, ఇన్ని కాపీలు మీరే కొనమనో అడుగుతారు. ఎంతకాలం ఆగాలో తెలియదు. రచయితకు చేతికొచ్చే కాపీలు కొన్నే. నాకు అడ్డమొచ్చింది ఈ చివరిదే. నా పుస్తకం చేరాల్సిన ఊళ్లలో పుస్తకాల షాపు లేదు. అక్కడికి నేనే మోసుకుపోవాలి. అందుకు కాపీలు నా దగ్గర ఉండాలి.

ఈ నేలకు ఇది కొత్త కాదు. 1922లోనే నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వచ్చింది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. నల్లగొండ జిల్లాలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు వేసి, తానే ఊరూరా తిరిగి అమ్మారు. ఎవరో వచ్చి మన సంగతి అచ్చేస్తారని వాళ్లు ఎదురుచూడలేదు. సొంతంగా వేసుకున్న పుస్తకమంటే రెండో రకం అనే మాట విన్నప్పుడల్లా నాకు వీళ్లే గుర్తొస్తారు.

ఇక ప్రింట్ ఆన్ డిమాండ్. ఫైలు అప్‌లోడ్ చేస్తే ఆర్డరు వచ్చినప్పుడల్లా ఒక కాపీ వేసి పంపుతారు. ఇంట్లో కట్టలు పేర్చుకునే టెన్షన్ లేదు. పాఠకులు బెంగళూరులోనో గచ్చిబౌలిలోనో ఉంటే బాగా పనికొస్తుంది. కాని ఒక్కో కాపీకి ఖర్చు ఎక్కువ, వెల కూడా అలాగే పెరుగుతుంది. ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టని మనిషికి ఆ పుస్తకం ఉన్నట్టే తెలియదు.

సీరియల్ రాసేవాళ్లకు ప్రతిలిపి లాంటి యాప్‌లు మంచివి, పైసా ఖర్చు లేదు. అమెజాన్ వాళ్ల ఈ-పుస్తకాల వేదిక కిండిల్ 2016 చివర్లో ఐదు భారతీయ భాషలకు తలుపు తెరిచినప్పుడు అందులో తెలుగు లేదు. ప్యాకేజీల పేరుతో డబ్బు కట్టించుకునే కంపెనీల జోలికి పోవద్దనే చెబుతాను. వాళ్లు గొప్పగా చూపించే ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు, మన దేశంలో ఉచితం. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి రచయితే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు.

నేను పోయిన దారి ప్రెస్సు. మామూలు కథల పుస్తకం సైజైన డెమ్మీలో ఒక ఫారం, అంటే ఒక పెద్ద కాగితం అచ్చేసి మడిస్తే వచ్చేది, 16 పేజీలు. 160 పేజీల పుస్తకానికి సరిగ్గా పది ఫారాలు. 163 అయిందంటే ఆ మూడు పేజీలకు ఇంకో ఫారం కదిలించాలి. అందుకే పేజీలు ముందే సర్దుకోవాలి. ఆఫ్‌సెట్‌లో, అంటే ప్లేట్లు చేసి అచ్చేసే పద్ధతిలో, ఆ ప్లేట్ల ఖర్చు వంద కాపీలకైనా వెయ్యికైనా ఒకటే కాబట్టి కాపీలు పెరిగేకొద్దీ ఒక్కోదాని మీద భారం తగ్గుతుంది. అలాగని ఆశపడి వెయ్యి వేయొద్దు. మూడు వందలు చాలు. వంద లోపైతే ప్లేట్లు అక్కర్లేని డిజిటల్ ప్రింటింగే చవక.

ప్రూఫు దిద్దడం మాత్రం ఇంకొకరి మీద వదలకండి. డీటీపీ, అంటే కంప్యూటర్‌లో టైపు చేసి పేజీలు కట్టే పని, చేసే తమ్ముడు మంచి పనివాడే, అయినా చేతి అలవాటు కొద్దీ నా పాత్రలు "వొచ్చిండు" అన్నచోటల్లా "వచ్చాడు" అని కొట్టాడు. ఎరుపు పెన్నుతో ఒక్కోటి దిద్ది, అతని పక్కనే కూర్చుని మార్పించాను. ఆ మనుషులు మాట్లాడిన తీరు పోతే ఆ పుస్తకం ఎందుకు?

పుస్తకాలు వచ్చాక మక్తల్ దగ్గర ఒక ఊరికి పోయాను. ఒక అవ్వకు చదువు రాదు. మనవరాలు అరుగు మీద కూర్చుని ఒక కథ చదివి వినిపించింది. అవ్వ మధ్యలో ఆపి, "ఇది మా ఆయన ముచ్చటే గదా కొడుకా, నువ్వెప్పుడు సూసినవ్?" అంది. చూసింది ఆమె భర్తను కాదని చెప్పినా నమ్మలేదు. ఆ కాపీ ఆమెకే ఇచ్చి వచ్చాను. షాపులో ఎన్ని అమ్ముడుపోయినా నాకు ఆ తృప్తి రాదు.

అమ్మకం కష్టమే, దాచను. షాపులకిస్తే కమీషన్ పోను మనకు మిగిలేది తక్కువ, అదీ ఆలస్యంగా వస్తుంది. నా పుస్తకాలు ఎక్కువగా సభల్లో, స్కూళ్లలో, తెలిసిన టీచర్ల ద్వారా పోయాయి. పుస్తకాలు పోస్టులో పంపడానికి 2025 మే 1న తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ అనే సేవ వచ్చింది. మొదలైనప్పటి రేటు 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100, పన్ను అదనం. వ్యాపార ప్రకటనలున్న పుస్తకాలకు అది వర్తించదు. పుస్తకం మీద ప్రింటర్ పేరో ప్రచురణకర్త పేరో తప్పక ఉండాలి. లైబ్రరీలకు పుస్తకాలు అందజేయాలన్న 1954 చట్టం ప్రకారం ప్రచురణకర్తగా మీరే కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని మరో మూడు లైబ్రరీలకు తలా ఒక కాపీ పంపాలి. సొంతంగా వేసుకునేవాళ్లు చాలామంది ఈ పని వదిలేస్తారు. మీరు మాత్రం పంపండి. మన ఊరి మనుషుల పేర్లు అక్కడా భద్రంగా ఉంటాయి.

ఇంకొక్క మాట. ప్రెస్సు నుంచి కట్టలతో పాటు ఫైలు కూడా అడిగి తెచ్చుకోండి. పీడీఎఫ్ ఒక్కటే చాలదు. ప్రెస్సుల్లో వాడే అను ఫాంట్లలో చేసిన, మార్పులు చేసుకోగల ఓపెన్ ఫైలు, దాన్నే ఫోన్లలో, కంప్యూటర్లలో ఎక్కడైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చిన కాపీ రెండూ కావాలి. మారేటప్పుడు ఒత్తులు, సున్నాలు చెదురుతాయి, కూర్చుని దిద్దుకోవాలి. రెండో ముద్రణ వేసినా, యాప్‌లో పెట్టినా అప్పుడు పనికొచ్చేది ఆ యూనికోడ్ ఫైలే.