జగ్గన్నతోటకు టిక్కెట్టు లేదు

సంక్రాంతికి నాలుగు రోజుల ముందే రాజమండ్రి చేరాం. అన్నయ్య, వదిన, నేను. గోదావరి కనిపించే గదే కావాలని వదిన పట్టుబట్టింది, లాడ్జివాళ్లు ఫోనులో సరేనన్నారు. తీరా కిటికీ తెరిస్తే నీళ్లు కనిపించిన మాట నిజమే, కాకపోతే పక్క మేడమీద పొంగిపోతున్న ట్యాంకులో. అడిగితే, బాల్కనీ చివర నిలబడి ఎడమవైపు వంగి చూడమన్నాడు కుర్రాడు. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు ఐదింటికే వచ్చాయి. రోజుకు 1,800 రూపాయలు. నది లెక్కలోంచి తీసేస్తే న్యాయమైన ధరే.

సాయంత్రం పుష్కర ఘాట్‌లో హారతి చూశాం. దీపాలు, శంఖాలు, నీళ్లమీద వెలుగు, అన్నీ అందంగానే ఉన్నాయి. అయితే జనం చేతుల్లో ఫోన్లు తప్ప మరో పని లేదు. హారతి ముగియగానే మెట్లు ఖాళీ. అక్కడి నుంచి హావ్‌లాక్ వంతెన కనిపిస్తుంది. 1900లో మొదలై 1997లో రైళ్లు ఆగిపోయిన వంతెన. 2027 పుష్కరాల నాటికి దాన్ని ముస్తాబు చేస్తారని టీకొట్టు దగ్గర వాదన నడుస్తోంది. నన్నడిగితే హంగులు తర్వాత, ముందు సాయంత్రం పూట ఊళ్లోవాళ్లు దానిమీద నడిచే వీలు కల్పించాలి.

మర్నాడు దామెర్ల రామారావు చిత్రాలు చూడటానికి వెళ్లాం. 28 ఏళ్లు నిండకుండానే, 1925లో మశూచితో పోయిన చిత్రకారుడు. అంత కొద్ది కాలంలో ఇన్ని ఎలా వేశాడో! ఒక బొమ్మలో స్త్రీ మెడ వంపు దగ్గర వదిన పది నిమిషాలు ఆగిపోయింది. మేము కాక మరో ఇద్దరే ఉన్నారు. గోదావరి గట్టు పొడవునా విగ్రహాలు నిలబెట్టిన ఊరు కదా, శనివారాల్లో బడిపిల్లలను పెన్సిళ్లతో ఇక్కడ కూర్చోబెడితే ఎంత బాగుంటుంది!

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం గంటలో చూసేయవచ్చు.

కనుమకు కోనసీమ వెళ్లాం, జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థానికి. అంబాజీపేట దగ్గర కొబ్బరితోటలో ఒక ఇంట్లో గది. పండగ కదా, ధర రెట్టింపు. ఇంటావిడ వడ్డించిన పనసపొట్టు కూర తిన్నాక ఆ మాట ఎవరూ ఎత్తలేదు. జగ్గన్నతోటకు చాలా దూరంలోనే ఆటోలు ఆపేశారు. నడక తప్పదు, మంచినీళ్లు వెంట ఉంచుకోండి.

జగ్గన్నతోటలో గుడి లేదు. కొబ్బరిచెట్ల మధ్యకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి శివుడి రూపాలైన పదకొండు మంది రుద్రులు ప్రభలమీద, అంటే అలంకరించిన చట్రాలమీద, వస్తారు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ప్రభల తీర్థమే. అది టీవీలో చూసి వచ్చినవాళ్లమే మేమూ. శకటంలో బరువు తెలియదు. వెదురు చట్రం, రంగురంగుల కొత్త బట్టలు, గంటలు, దండలు, అంతా మనుషుల భుజాలమీదే. గంగలకుర్రు ఊరి ప్రభ కౌశిక ఏట్లో దిగినప్పుడు మోసేవాళ్ల ఛాతీ దాకా నీళ్లు వచ్చాయి. ఒక మూల కుంగింది. గట్టుమీద ముసలాయన 'ఎడమవైపు ఎత్తండిరా' అని అరిచాడు. 'అశ్శరభ శరభ' అంటూ ఒక్కసారిగా లేపారు. గంటలన్నీ మోగాయి.

అవతల పచ్చటి వరిచేను. అందులోంచే నడిచారు. గట్టున నిలబడి చూస్తున్న రైతును, నష్టం కాదా అండీ అని అడిగాను.

'నష్టమేముందండీ! స్వామి మా చేలోంచి రాని ఏడే బెంగ' అన్నాడు.

ఇక్కడ చూసేవాళ్లెవరో, చేసేవాళ్లెవరో విడదీయలేం. వదిన కాళ్లు కడుక్కోవాలంటే ముక్కూ మొహం తెలియని ఇంటివాళ్లు పెరటి తలుపు తీసి, పైగా అరిసెలు పెట్టారు. అన్నయ్య ఎప్పుడు మాయమయ్యాడో తెలియదు. గంట తర్వాత మోకాళ్ల దాకా బురదతో, భుజం ఎర్రగా కందిపోయి కనిపించాడు. పిలిచారు, పట్టాను అన్నాడంతే. గట్టున విడిచిన చెప్పులు మాత్రం దొరకలేదు.

రాత్రి ఆ భుజానికి ఇంటావిడే కొబ్బరినూనె కాచి ఇచ్చింది. వచ్చే కనుమకు గది కావాలంటే దసరాకే ఫోను చేయమంది.