తస్సిలీ కొండలా, ఈతగాళ్ల గుహా?

సహారా రాతిచిత్రాల గురించి తెలుసుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలంటే, అల్జీరియాలోని తస్సిలీ నజ్జర్ అనే చెప్తాను. అక్కడ 15,000కు పైగా చిత్రాలు, చెక్కుడు బొమ్మలు ఉన్నాయి. ముందు అడవి జంతువులు, తర్వాత పశువుల మందలు, ఆపై గుర్రాలు, చివరికి ఒంటెలు. పచ్చిక నేల ఎండి ఎడారిగా మారిన కథంతా ఆ రాళ్ల మీదే కనిపిస్తుంది. 1982 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది.

ఈజిప్టులోని గిల్ఫ్ కెబీర్ అనే ఎడారి పీఠభూమిలో హంగేరీ అన్వేషకుడు అల్మాషి 1933లో కనుగొన్న ఈతగాళ్ల గుహ చాలా చిన్నది. చుట్టూ నీటిచుక్క లేదు, గోడ మీద మాత్రం ఈదుతున్నట్టున్న మనుషులు! (అది నిజంగా ఈతేనా అన్న వాదన ఇంకా ఉంది.) ఒక్క దృశ్యంతో మనసును పట్టేయడంలో తస్సిలీ కూడా దీని తర్వాతే. కానీ రాతి పైపొర పెచ్చులూడుతోంది, సందర్శకుల చేతులూ దాన్ని ఇంకా పాడుచేశాయి.