పొడి కళ్లకు లైటు చికిత్స: రెండేళ్లు దాటాక నా మాట

పొడి కళ్లకు ఐపీఎల్ (ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్, అంటే జోరైన వెలుగును మెరుపుల్లా చర్మం మీద కొట్టడం) అనే లైటు చికిత్స చేయించుకుని రెండేళ్లు దాటింది. అయిన కొత్తలో రాసి ఉంటే ఆకాశానికెత్తేసేదాన్ని. ఏడాది తిరిగాక రాసి ఉంటే తిట్టిపోసేదాన్ని. ఇప్పుడు ఆ రెండూ చేయబుద్ధి కావడం లేదు కాబట్టి, రాయడానికి ఇదే సరైన సమయం అనుకుంటున్నాను.

విజయనగరంలో మాకు చిన్న డీటీపీ షాపు ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, కోర్టు కాగితాలు, పెళ్లిళ్ల సీజనులో రాత్రి దాకా స్క్రీనే. స్క్రీను చూస్తున్నంతసేపూ మనం రెప్ప వేయడం బాగా తగ్గిపోతుంది, పూర్తిగా మూయం కూడా. సాయంత్రానికి కళ్లు గరగరలాడి, మండి, ధారగా నీళ్లు కారేవి. శుభలేఖ ప్రూఫు చూసుకోడానికి వచ్చిన పెద్దావిడ ఒకరు "ఏటమ్మా, ఏడుస్తన్నావేటి?" అని కంగారుపడ్డారు కూడా. నీళ్లు కారే కంటికి పొడి కన్ను అని పేరేమిటని నాకూ అనుమానమే.

సంగతేమిటంటే, కన్నీటి మీద పలచని నూనె పొర ఒకటి ఉండాలి. ఆ నూనెను రెప్పల అంచుల్లో ఉండే మెబోమియన్ గ్రంథులు ఇస్తాయి. పై రెప్పలో 25 నుంచి 40, కింది రెప్పలో 20 నుంచి 30 దాకా ఉంటాయి. అవి మూసుకుపోతే కంటి తడి వెంటనే ఆవిరైపోతుంది. కన్ను మండుతుంది, ఆ మంటకు ఒక్కసారిగా నీళ్లు ఊరతాయి. వాటి మీదా నూనె ఉండదు కనుక అవీ నిలవవు. నా రెప్ప అంచును డాక్టరు గారు నొక్కితే పలచని నూనెకు బదులు శీతాకాలంలో పేరిన నెయ్యిలాంటిది వచ్చింది.

లైటు దాకా ఒక్కసారిగా వెళ్లలేదు. మా అత్తగారు నందివర్ధనం పూలు కోసి రెప్పల మీద పెట్టేవారు. చల్లగా హాయిగా ఉండేది, కాదనను, కానీ ఆ హాయి పువ్వు తీసేదాకానే. తర్వాత చుక్కల మందులు. వీటిలో ఒక మాట గట్టిగా చెప్పాలి: రోజుకు చాలాసార్లు వేసుకునేవాళ్లు ప్రిజర్వేటివ్ (మందు చెడిపోకుండా కలిపేది) లేని చుక్కలే అడగండి. మామూలు సీసాల్లో ఎక్కువగా కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్ అదే పనిగా పడితే కంటి పైపొరకు చెరుపు చేస్తుంది. చేపనూనె మాత్రలూ మింగాను. 2018లో అమెరికాలో డ్రీమ్ అనే పెద్ద పరీక్షలో వాటికీ ఆలివ్ నూనె మాత్రలకూ తేడా కనిపించలేదని తర్వాత చదివి, ఆ ఖర్చు మానేశాను.

చికిత్స విశాఖలో జరిగింది. ముందు పరీక్షలు చేశారు, అవే అసలు విషయం. కింది రెప్పలో కాగితం పట్టీ పెట్టి 5 నిమిషాలు ఉంచి ఎంత తడిసిందో చూస్తారు. నా పట్టీ బాగానే తడిసింది, అంటే నీటికి లోటు లేదు. తర్వాత రంగు మందు వేసి నీలి లైటులో కన్నీటి పొర ఎన్ని సెకన్లకు చిట్లుతుందో లెక్కపెట్టారు. 10 సెకన్లయినా నిలవాల్సింది నాకు 3 సెకన్లకే పోయింది. గ్రంథుల ఫొటో తీస్తే కొన్నిచోట్ల ఖాళీలు కనిపించాయి. పోయిన గ్రంథులు తిరిగి మొలవవని, ఉన్నవాటిని కాపాడుకోవడమేనని ముందే చెప్పారు. ఆ మాట దాచకుండా చెప్పినందుకే నాకు నమ్మకం కలిగింది.

శ్రీకాకుళంలో ఉండే మా పిన్ని నా మాట విని తనూ వచ్చింది. తనకు కీళ్లవాతం ఉంది. తన పట్టీ అంచు దాటి తడవలేదు. షోగ్రెన్ జబ్బు వల్ల నీరే ఊరడం లేదని తేలింది. ఈ లైటు కన్నీరు పుట్టించదు అని చెప్పి, సైక్లోస్పోరిన్ చుక్కలు రాసి, కన్నీరు బయటికి పోయే రంధ్రాలకు చిన్న బిరడాలు పెట్టి పంపారు. ఇద్దరివీ పొడి కళ్లే, మందులు మాత్రం వేరు. పరీక్షల్లేకుండా నేరుగా ప్యాకేజీ రేటు చెప్పే చోటికి అందుకే వెళ్లొద్దంటాను.

సిట్టింగులో కళ్లకు వెలుగు చొరని కవచాలు పెట్టి, బుగ్గలకు చల్లటి జెల్ రాసి, ఒక చెవి దగ్గర నుంచి ముక్కు మీదుగా రెండో చెవి దాకా లైటు కొట్టుకుంటూ పోతారు. చురుక్కుమంటుంది, అంతే. నూగు వెంట్రుకలుంటే కాస్త కమురు వాసన. కొట్టేది కంటి మీద కాదు, కింది రెప్పకు దిగువన చర్మం మీద. అక్కడ ఉబ్బిన సన్నటి రక్తనాళాలను ఆ వేడి మూయించి వాపు తగ్గిస్తుందని ఒక వివరణ. అసలు నొప్పి ఆ తర్వాత, తిమ్మిరి చుక్కలు వేసి రెప్పలను చిమటాతో నొక్కి గడ్డకట్టిన నూనె తీసేటప్పుడు. దాని గురించి కరపత్రాల్లో ఎవరూ రాయరు. చివర్లో ఎర్ర లైటు మాస్కు కూడా కాసేపు పెట్టారు. వెచ్చగా, సుఖంగా ఉంది. దాని వాటా ఎంతో విడదీసి చెప్పలేను. అన్నట్టు, ఆన్‌లైన్లో అందానికని అమ్మే ఎర్ర మాస్కులు ఇవే అనుకుని కొనకండి.

మనలాంటి చామనఛాయ వాళ్లు తప్పక అడగాల్సింది ఒకటుంది. ఈ వెలుగును చర్మంలోని రంగు కూడా పీల్చుకుంటుంది. రంగు ఎక్కువైన కొద్దీ కాలడానికీ మచ్చలు పడడానికీ అవకాశం ఎక్కువ, బాగా నలుపైతే చేయకూడదు. నాకు చెవి పక్కన ముందు పరీక్షగా కొట్టి, శక్తి తగ్గించి మొదలుపెట్టారు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వాడుతుంటే అదీ చెప్పాలి, దానివల్ల చర్మం వెలుగుకు తట్టుకోదు. సిట్టింగుల మధ్య ఎండ తగలకూడదు. నాకు సరిగ్గా మధ్యలో సిరిమానోత్సవం వచ్చింది. దసరా తర్వాత మంగళవారం ఎండలో నిలబడకుండా పైడితల్లమ్మను చూడడం మా ఊరివాళ్లకు సాధ్యమా? తెలిసినవాళ్ల మేడ మీద నీడలో కూర్చుని చూశాను. అయినా ఇది మొదలుపెట్టాలంటే వానలు వెనకబట్టాకే మేలు, ఏప్రిల్, మే నెలల్లో అస్సలు వద్దు.

మామూలుగా రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో 4 సిట్టింగులు. మొదటి దానికి ఏమీ తెలియలేదు. మూడోదానికి పొద్దున్నే రెప్పలు అంటుకోవడం ఆగింది. అన్నీ అయ్యాక పొర 7 సెకన్లు నిలిచింది. చుక్కలు చాలా తగ్గాయి, ఫ్యాను కింద కూర్చుని పని చేయగలిగాను. ఏడాదికి మెల్లగా గరగర మళ్లీ వచ్చింది, ఇంకో సిట్టింగు పడింది. అప్పుడే నాకు ఒళ్లు మండింది. ఇన్సూరెన్సు వాళ్లు పైసా ఇవ్వలేదు, మొత్తం ఖర్చుతో షాపుకి మంచి ప్రింటరు వచ్చేది.

ఈ పద్ధతి అమెరికాలోని మెంఫిస్‌లో రోలాండో టోయోస్ అనే కంటి డాక్టరు దగ్గర మొదలైంది. ముఖం ఎరుపెక్కే జబ్బున్నవాళ్లకు లైటు చికిత్స చేస్తుంటే వాళ్ల కళ్లు కూడా తేలికపడడం ఆయన గమనించాడు. అమెరికాలో ఈ జబ్బుకు ఒక యంత్రానికి అనుమతి వచ్చింది 2021లోనే. అంతకు ముందు ఏడాది, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ వాళ్లు దీని మీద పరిశోధనలన్నీ జల్లెడ పడితే గట్టిగా చెప్పేంత ఆధారం దొరకలేదు. నా కళ్లు తేలికపడ్డ మాట నిజం, అందరికీ పడతాయని నేను హామీ ఇవ్వలేను.

నా మార్కులు అయిదుకు మూడున్నర. అర మార్కు రెప్పలు నొక్కిన నొప్పికి, ఒకటి ఖర్చుకి కోశాను. వేడి కాపడం, రెప్పల అంచులు శుభ్రం చేసుకోవడం ఇప్పటికీ రోజూ ఉన్నాయి, లైటు వాటిని మాన్పించలేదు. రెప్ప లోపలి అంచుకు కాటుక మానేశాను, అది ఆ నూనె గ్రంథుల రంధ్రాలనే మూస్తుంది. ఈసారి సిట్టింగు దసరా అయ్యాక పెట్టమన్నాను.