జిమ్ చందానా, లాల్‌బాగ్ తోడా?

బెంగళూరులో బరువు తగ్గాలనుకునే మనవాళ్ళ ముందు మామూలుగా రెండు దారులుంటాయి. ఏడాది చందా కట్టి జిమ్‌లో చేరడం, లేదా తోడు చూసుకుని పొద్దున్నే లాల్‌బాగ్ తోటలో నడవడం.

డబ్బు కట్టాం కాబట్టి జిమ్‌కి వెళ్తామన్నది పైపై లెక్క. డబ్బు పోయిందన్న బాధ నెల తిరిగేసరికి పలచబడుతుంది. పైగా మారతహళ్ళి ట్రాఫిక్ దాటి ఇల్లు చేరాక మళ్ళీ బూట్లు తొడగడం ఎవరి తరం? ఒక్క విషయంలో మాత్రం జిమ్‌దే పైచేయి. తిండి తగ్గిస్తే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. దాన్ని నిలబెట్టడానికి బరువులెత్తడం బాగా పనికొస్తుంది. వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటుంది.

నడకలో పట్టంతా తోడులోనే ఉంది. గేటు దగ్గర నిలబడ్డ మనిషికి ఫోన్ చేసి "ఈరోజు రాలేను వదినా" అనడం కన్నా లేచి వెళ్ళడమే తేలిక. 240 ఎకరాల తోట, విసుగు రాదు. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు చురుగ్గా నడిస్తే, వారానికి కనీసం ఇంత కదలమని ఆ సంస్థే చెప్పే 150 నిమిషాలు పూర్తి. చిక్కల్లా ఆ తర్వాతే! పక్కనే 1924లో మొదలైన ఎంటీఆర్ హోటల్, నెయ్యి కారే మసాలా దోశ. అరగంట నడక ఆ ఒక్క ప్లేటుకే చాలదు.

కొత్తవాళ్ళకైతే నా ఓటు నడకకే. లాల్‌బాగ్ దూరమైతే దగ్గర్లోని చెరువు గట్టు చాలు. రాత్రి అన్నం సగం చేసి, పప్పూ కూరా పెంచండి. డంబెల్స్ రెండో నెలలో కొనుక్కోవచ్చు.